పంటికింద రాయి

ప్లోవ్‌దివ్‌లో, నదికి ఇవతలి ఒడ్డున
మెట్ల కింది గదిలో నేను కట్టుడు పళ్ళు చేస్తాను.
ముప్పై ఒక్క ఏళ్ళుగా.
నలభై తొమ్మిదో ఏట తత్త్వశాస్త్రం మొదలెట్టాను.
ఎందుకంటే ఇప్పటికీ సరైన జవాబు లేదు.
మూతపడ్డ చెప్పుల కొట్టు పై గదిలో
గురువారం సాయంత్రాలు ఎవ్లోగి మాస్టారు పాఠం చెబుతారని
తలుపు మీద కాగితం అంటించి ఉంది.
లోపల హీటరుంది. నా గదిలో లేదు.
నిజం చెప్పొద్దూ, మొదట్లో నేను వెళ్ళింది హీటరు కోసమే.

మొదటి పుస్తకం తొమ్మిదో పేజీలో ఆగిపోయాను.
"ఉండటం" అంటే ఏమిటని అడిగాడు రాసినాయన.
ఉంటే ఉంది, లేకపోతే లేదు అనుకునే మనిషిని.
నోట్లో ముప్పై రెండు ఉండాలి,
నా దగ్గరికొచ్చేవాళ్ళకి పదకొండుంటాయి,
అంతవరకే నా లెక్క.
లేనిదాని ఆకారం పట్టుకుని
ఉండేదాన్ని పోత పోయడమే నా పనని
ఎనిమిది నెలల తర్వాత ఒక రాత్రి
ఉల్లిపాయలు తరుగుతుంటే తట్టింది.
వెంటనే మాస్టారికి ఫోన్ చేశాను.
ఆయన చాలాసేపు మాట్లాడలేదు.
"జ్లాతీనా, పడుకున్నానమ్మా," అన్నారు.

కోపం మీద ఒక చిన్న పుస్తకం. ఎంత నచ్చిందో!
గీతలు గీసీ గీసీ పెన్సిలు సగమైంది.
అది చంకలో ఉండగానే
నా గుమ్మానికి అడ్డంగా బండి పెట్టిన రాంగెల్‌ని
వీధంతా వినేలా తిట్టాను.
వాళ్ళమ్మనీ వదల్లేదు.
ఆవిడ కిటికీలోంచి చూసి నవ్వింది,
నేను చేసిచ్చిన పళ్ళతోనే.
మా మీంకా దీన్నంతా మెట్టవేదాంతం అంటుంది.

చావుకి భయపడక్కర్లేదనడానికి నాలుగు రుజువులు చదివాను.
నాలుగూ ఒప్పుకున్నాను.
జనవరిలో అక్క స్కాన్ రిపోర్టు కోసం
ఆసుపత్రి బెంచీ మీద కూర్చుంటే
ఒక్కటీ గుర్తురాలేదు.
కాఫీ మెషీన్‌లో నాణెం ఇరుక్కుంటే
దాన్ని గుద్దుతూ ఏడ్చాను.
(రిపోర్టు బాగానే వచ్చింది. నాణెం రాలేదు.)

ఇక నైదెన్ సంగతి.
గడియారాలు బాగుచేసే ముసలాయన.
కింది వరస చేశాను.
పంపే ముందు రాత్రి వేలితో తడిమితే
ఎడమవైపు లోపల, వెంట్రుకంత ఎత్తు.
కంటికి కనబడదు.
ఆయన వెనక్కొచ్చి అడిగే మనిషి కాదు,
నొప్పైతే పంటిబిగువున భరిస్తాడు,
పళ్ళే లేవుగా, చిగుళ్ళ బిగువున.
బాధ్యత, ఫలితం, ఎవరికి తెలుస్తుందిలే,
అన్నీ పక్కపక్కన పెట్టుకుని
పదిన్నర దాకా నాతో నేను వాదించుకున్నాను.
ఎవరు గెలిచారో తేలలేదు.
చూస్తే అప్పటికే దీపం కింద
నా చేయి ఆకురాయి పట్టుకుని అరగదీస్తోంది.

చేతికి నాకన్నా ముందే తెలుసని మురిసిపోయి చెప్పాను.
మాస్టారు ఒప్పుకోలేదు.
"రెండేళ్ళ కిందటైతే ఆ చేయి ఏం చేసేది?"
పంపేసేదేమో.
పంపాను కూడా. ఒకసారి.
ఆవిడ పేరు నాకు గుర్తుంది.

చదువు కడుపు నింపుతుందనుకున్నాను.
మసూరపప్పు సూపులో రాయిలా
ఎప్పుడో ఒకసారి పంటికింద తగులుతుంది, అంతే.
నమలడం ఆపి, కాసేపు అలాగే ఉండిపోతాను.
తర్వాత మళ్ళీ తింటాను.
రాంగెల్‌కి క్షమాపణ ఇంకా చెప్పలేదు.

పోయిన గురువారం హీటరు చెడిపోయింది.
ఏడుగురిలో మిగిలింది ముగ్గురం.
కోట్లు విప్పకుండా కూర్చున్నాం.
పేజీ తిప్పడానికి మాస్టారు
చేతి తొడుగుని పళ్ళతో పట్టి లాగారు.
నేను చేసిన పళ్ళే.
పట్టు బాగానే ఉంది.